ఉద్యోగాలు చూపించేవాళ్లను నిలుపుకోవడం ఎలా: హైదరాబాద్ ఉపాధి కేంద్రాల నిర్వాహకులకు సమగ్ర మార్గదర్శి

బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో ఇంటింటికీ తిరిగి, చదువు ఆగిపోయిన పిల్లల్ని శిక్షణ కేంద్రానికి తీసుకొచ్చేది మొబిలైజర్. బాలానగర్ నుంచి పటాన్‌చెరు దాకా కంపెనీ గేట్ల దగ్గర నిలబడి ఖాళీలు కనుక్కునేది ప్లేస్‌మెంట్ ఆఫీసర్. వైకల్యం ఉన్న అభ్యర్థి పక్కనే నిలబడి, పనిచోటే పని నేర్పేది జాబ్ కోచ్. చేరిన వారానికే మానేస్తానన్న పిల్లకు రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో నచ్చజెప్పేది కౌన్సెలర్. ఉపాధి కేంద్రమంటే నిజానికి వీళ్లే. వీళ్లలో ఒకరు మానేస్తే ఖాళీ అయ్యేది ఒక్క కుర్చీ కాదు. చర్లపల్లి ఫ్యాక్టరీ హెచ్ఆర్ ఫోన్ ఎత్తేది ఆ మనిషి పేరు చూసి. బస్తీలో తల్లి కూతుర్ని పంపింది "ఆ అక్క చెప్పింది" అని. ఆ నమ్మకం రిజిస్టర్‌లో ఉండదు, మనిషితోపాటే వెళ్లిపోతుంది.

అభ్యర్థిని ఒక ఉద్యోగానికి పంపే ముందు మనం ఏమేం కనుక్కుంటాం? జీతం ఏ తేదీకి పడుతుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, ఇంటి నుంచి ఎంత దూరం, ఆడపిల్ల పొద్దుపోయాక ఎలా తిరిగొస్తుంది, పని నేర్పే సీనియర్ ఎవరు, ఏడాది తర్వాత పైమెట్టు ఏమిటి. ఇవే ప్రశ్నలు మన మొబిలైజర్ ఉద్యోగానికి వేసి చూడండి. చాలా కేంద్రాల్లో ఆ ఉద్యోగానికి మన అభ్యర్థినే పంపడానికి మనసొప్పదు. అభ్యర్థికి వద్దనే ఉద్యోగంలో మన మనుషుల్ని పెట్టుకుని, నిలబడటం లేదని అనుకోవడం న్యాయం కాదు. కింద చెప్పిన అడుగులన్నీ ఈ ఒక్క కొలత మీదే నడుస్తాయి.

మొదటి అడుగు: ఎవరు, ఏ నెలలో, ఎందుకు వెళ్లారో రాసుకోండి

గత రెండు మూడేళ్లలో మానేసినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. పక్కన చేరిన నెల, మానేసిన నెల, చేసిన పని, అప్పటి సూపర్‌వైజర్, ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారో రాయండి. కాగితం నిండేసరికి మీకే కొన్ని విషయాలు కనబడతాయి. మొదటి మూడు నెలల్లో వెళ్లినవాళ్లు ఎక్కువుంటే చిక్కు చేర్చుకోవడంలో ఉంది, పని ఎలా ఉంటుందో చెప్పకుండా తీసుకున్నాం. ఆరో నెల నుంచి ఏడాదిలోపు వెళ్లినవాళ్లు ఎక్కువుంటే పనిభారం వైపో సూపర్‌వైజర్ వైపో చూడాలి. రెండేళ్లు బాగా చేసి వెళ్లినవాళ్లకు మన దగ్గర ఎక్కడానికి మెట్టు లేదు. అందరూ ఒకే సూపర్‌వైజర్ కిందివాళ్లయితే ఇక వేరే లెక్కలు అక్కర్లేదు.

కారణం రాజీనామా రోజున అడగకండి. ఆ రోజు ఎవరైనా "ఇంట్లో పరిస్థితులు బాగాలేవు సార్" అనే అంటారు. రిలీవింగ్ లెటర్, చివరి నెల జీతం ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి కదా. లెక్కలన్నీ తేలి ఒకటి రెండు నెలలు గడిచాక, వాళ్ల సూపర్‌వైజర్ కాని మనిషి ఎవరైనా ఫోన్ చేసి మూడు మాటలు అడగాలి: మానేద్దామని మొదటిసారి ఎప్పుడనిపించింది, ఆ రోజు ఏం జరిగింది, ఆ సంగతి మాలో ఎవరికైనా చెప్పావా. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం. చాలామంది ఒకసారైనా చెప్పే ఉంటారు. వినాల్సిన మనిషి "అందరికీ ఉండేదేలే" అని కొట్టిపారేసి ఉంటారు.

ఉన్నవాళ్లను అడగడం అంతకన్నా అవసరం. ఆరు నెలలకోసారి ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చుని, ఈ పనిలో నిన్ను పట్టి ఉంచుతున్నది ఏమిటి, ఏది మారకపోతే వేరేచోట వెతుక్కుంటావు అని నేరుగా అడగండి. విన్నవాటిలో మీ చేతిలో ఉన్న ఒక్కదాన్నైనా ఆ నెలలోపే సరిచేయండి. ఏదీ మారకపోతే మరుసటిసారి ఎవరూ నోరు విప్పరు.

రెండో అడుగు: జీతం, తేదీ, దారి ఖర్చులు

ఈ రంగంలో జీతాలు పెద్దగా ఉండవని తెలిసే అందరూ చేరతారు. నేను చూసినంతలో మనిషి మనసు విరిగేది జీతం తక్కువని కాదు, ఎప్పుడొస్తుందో తెలియక. గ్రాంట్ విడత ఆలస్యమైందని రెండు నెలలు జీతం ఆపేస్తే, అద్దె ఇంట్లో ఉండే ఆ పిల్లో పిల్లవాడో ఎవరి దగ్గర చేయి చాచాలి? కనీసం రెండు నెలల క్షేత్ర సిబ్బంది జీతాలకు సరిపడా డబ్బు విడిగా పక్కన పెట్టుకోండి. ఒకేసారి కుదరకపోతే ప్రతి ప్రాజెక్టు నుంచి కొంత కొంత కూడబెట్టండి. ఈ మార్గదర్శిలో ఒక్కటే చేయగలిగే స్థితిలో ఉంటే ఇదే చేయండి.

తర్వాత చట్టం చెప్పినవి. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థకు పీఎఫ్ వర్తిస్తుంది. బేసిక్, డీఏ కలిపి 15,000 లోపు ఉన్నవాళ్లను చేర్చడం తప్పనిసరి. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఈఎస్ఐ, నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు. ఇందులో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో తల్లికి వైద్యం దొరికితే ఆ కుటుంబానికి అదెంత ఆసరానో చెప్పక్కర్లేదు. క్షేత్ర సిబ్బందిని "కన్సల్టెంట్" అని రాసి, టీడీఎస్ కోసి, వీటన్నిటి నుంచి తప్పించుకునే అలవాటు మన రంగంలో బాగా ఉంది. రోజూ సంతకం పెట్టి, సెలవు అడిగి, మీ సూపర్‌వైజర్ చెప్పినట్టు పనిచేసే మనిషి ఉద్యోగే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, గడువు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. ఇంతకుముందు అయిదేళ్లు ఆగాలి. ప్రాజెక్టు కాలానికి చేర్చుకునే మన సిబ్బందికి ఇది సూటిగా తగిలే మార్పు. ప్రాజెక్టు బడ్జెట్ వేసేటప్పుడే ఈ ఖర్చు కలపండి.

"ఫండర్ ఒప్పుకోరు" అని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. ఇక్కడ రెండు నిబంధనలు సరిగ్గా తెలిసి ఉండాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. కానీ సంస్థ లక్ష్యాన్ని నేరుగా నెరవేర్చే పనివాళ్ల జీతాలు, ఆసుపత్రిలో డాక్టర్ జీతంలాగా, పాలనా ఖర్చు కింద రావు. జాబ్ కోచ్ జీతాన్ని ఆఫీసు ఖర్చుల్లో కలిపేసి, పరిమితి దాటిందని దాన్నే కోసుకోవడం మన పొరపాటే అవుతుంది. రెండోది, సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక సేవకు పెట్టే ఖర్చు) నిబంధనల్లో ఉన్న 5 శాతం పరిమితి ఆ కంపెనీ సొంత సీఎస్ఆర్ విభాగం నిర్వహణ ఖర్చుకు సంబంధించినది. ప్రాజెక్టును అమలు చేసే మీ సిబ్బంది జీతాలకు అది వర్తించదు. అవతల కూర్చున్న సీఎస్ఆర్ మేనేజర్‌కు ఈ తేడా ఓపిగ్గా విడమరిచి చెప్పండి, మీ ఆడిటర్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక దారి ఖర్చులు. హైదరాబాద్‌లో క్షేత్ర ఉద్యోగమంటే సగం రోజు రోడ్డు మీదే. మెట్రో మియాపూర్, నాగోల్, ఎల్బీనగర్, రాయదుర్గం దాకా తీసుకెళ్తుంది. పటాన్‌చెరుకో, జీడిమెట్లకో, చర్లపల్లికో అక్కడి నుంచి మళ్లీ బస్సు, ఆపైన షేర్ ఆటో. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మహిళా సిబ్బందికి టీఏ తగ్గిస్తామన్న మాట కొన్నిచోట్ల విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. బస్సు దిగాక ఆటో ఉంది, మధ్యాహ్నం బయట భోజనం ఉంది, మే నెల ఎండలో కొనుక్కునే నీళ్లున్నాయి. టీఏ బిల్లులకు నెలాఖరు దాకా ఆగకుండా వారం వారం ఇవ్వండి, వీలైతే కొంత ముందే ఇవ్వండి. సిబ్బంది సొంత జేబులోంచి పెట్టే ఖర్చు మీకు అప్పు ఇచ్చినట్టే. ఫోన్, సిమ్ సంస్థవే ఉండాలి. దాని సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

మూడో అడుగు: చేర్చుకునే ముందు పని చూపించండి

ఇంటర్వ్యూ గదిలో అందరూ బాగానే మాట్లాడతారు. ఆఫర్ ఇచ్చే ముందు ఒక పూట మీ మొబిలైజర్‌తో బస్తీకి పంపండి, ఆ పూటకు భత్యం ఇవ్వండి. తలుపు తట్టగానే "ఏం స్కీమమ్మా, ఎంతిస్తారు?" అని అడిగే ఇంట్లో ఆ మనిషి ఏం చేస్తుందో చూడండి. నిలబడి మాట్లాడుతుందా, గడప మీద కూర్చుంటుందా, పెద్దావిడను పిన్నీ అని పలకరిస్తుందా, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే పాంప్లెట్ చేతిలో పెట్టేస్తుందా. సాయంత్రం ఆ అభ్యర్థికీ ప్రశ్నలుంటాయి. ఇంత తిరగాలా, ఇంతమంది కసురుకుంటారా అని. నిజం చెప్పండి. ఆ సాయంత్రం వద్దనుకునేవాళ్లు రెండో నెలలో మానేసేవాళ్లే, ముందే తెలిసింది.

పాతబస్తీలో ఉర్దూ రాకపోతే పని సాగదు. కూకట్‌పల్లి వైపు కోస్తా, ఉత్తరాది కుటుంబాలు ఎక్కువ. భాషను డిగ్రీ కన్నా ముందు చూడండి. మీ దగ్గరే శిక్షణ పొంది ఉద్యోగం చేసినవాళ్లలో ఇలాంటివాళ్లు దొరుకుతారు, వాళ్ల మాటకు బస్తీలో విలువ ఉంటుంది. అయితే అదే బస్తీ మనిషి అయినందువల్ల పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంటి ముందే జనం నిలబడతారు. సెలవు రోజున సెలవు దొరికేలా చూసే బాధ్యత మీదే.

నాలుగో అడుగు: మొదటి 90 రోజులు

మొదటి నెల టార్గెట్ వద్దు. ఒక సీనియర్‌తో జత చేసి తిప్పండి. ఆ సీనియర్‌కు నేర్పే పని అదనపు భారంగా కాకుండా ఉండాలంటే, ఆ నెల వాళ్ల టార్గెట్ కూడా తగ్గించాలి. ఈ రెండో మాట చాలా కేంద్రాలు మర్చిపోతాయి. సీనియర్ తన లెక్క పూర్తిచేసుకునే హడావుడిలో కొత్తవాళ్లను ఎంట్రీలు కొట్టడానికి కూర్చోబెడతారు.

దగ్గరుండి నేర్పడమంటే ఎలా ఉంటుందో ఒక జాబ్ కోచ్ పని చూద్దాం. మేధోవైకల్యం ఉన్న కుర్రాడికి సూపర్‌మార్కెట్‌లో సరుకు సర్దే ఉద్యోగం వచ్చింది. చూసేవాళ్లకు అది ఒక పని. కోచ్‌కు అది వరసగా చాలా చిన్న పనులు: అట్టపెట్టె టేపు కోయడం, ప్యాకెట్ మీద తేదీ వెతకడం, అరలో ఉన్న పాత సరుకును ముందుకు లాగడం, కొత్తది వెనక పెట్టడం, పేరు బయటికి కనబడేలా తిప్పడం, ఖాళీ పెట్టె మడిచి పక్కన పెట్టడం. కుర్రాడు అన్నీ చేస్తాడు, నూనె ప్యాకెట్ల దగ్గర మాత్రం ఆగిపోతాడు. తేదీ ప్యాకెట్ పై అంచున, మడతలో ఉంటుంది. కొత్త కోచ్ చేయి అప్రయత్నంగా ముందుకు పోతుంది, ప్యాకెట్ తీసుకుని తనే తిప్పి చూపిద్దామని. వెనక నిలబడ్డ సీనియర్ మెల్లగా "చేయి వెనక్కి పెట్టుకోమ్మా, పది లెక్కపెట్టు" అంటుంది. ఎనిమిదికో తొమ్మిదికో కుర్రాడు వేలితో మడత విప్పుతాడు. ఆ పది లెక్కపెట్టడం ఏ స్లైడ్‌లోనూ నేర్పలేం. పక్కన సీనియర్ లేని కొత్త కోచ్ నెల తిరిగేసరికి కుర్రాడి పని అంతా తానే చేస్తూ అలిసిపోతుంది, కోచ్ రాని రోజు కుర్రాడి ఉద్యోగం పోతుంది.

రెండో నెలలో చిన్న టార్గెట్, సొంతంగా చూసుకోవడానికి కొన్ని కేసులు. మూడో నెలలో ఒక కంపెనీ సంబంధాన్ని మొదటి నుంచి తనే తెచ్చుకోనివ్వండి. 90వ రోజున సూపర్‌వైజర్ కూర్చుని మాట్లాడాలి, ఏది బాగా వస్తోందో కాగితం మీద రాసివ్వాలి. ప్రొబేషన్ కన్ఫర్మేషన్ లెటర్ ఆ వారమే చేతిలో పెట్టండి. దాన్ని నెలల తరబడి నానిస్తే, నీ మీద మాకింకా నమ్మకం కుదరలేదని రోజూ చెప్పినట్టే.

అయిదో అడుగు: మోయగలిగినంత పని, నిజాయితీ ఉన్న టార్గెట్

తీవ్ర మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు ఉద్యోగాలు చూపించడానికి 1990ల్లో అమెరికాలో రూపొందిన ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్ అనే పద్ధతి ఉంది. దాన్ని సరిగ్గా అమలు చేస్తున్నారా లేదా అని కొలిచే 25 అంశాల పట్టికలో మొట్టమొదటిది ఒక్కో ఉద్యోగ నిపుణుడి చేతిలో ఎంతమంది అభ్యర్థులున్నారన్నదే. 20 లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే పూర్తి మార్కులు. మన కేంద్రాలు అంత వెసులుబాటులో లేవు, నాకు తెలుసు. అయినా ఆ అంకె గోడకు అంటించుకోవడం మంచిది. ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

మన దగ్గర చేయగలిగింది ఇది. ఒక్కొక్కరి చేతిలో ఉన్న పేర్లను మూడు రకాలుగా విడదీయండి: ఇప్పుడు ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు, చేరి మూడు నెలలు దాటనివాళ్లు, నిలదొక్కుకుని ఫోన్ పలకరింపు మాత్రమే కావాల్సినవాళ్లు. మొదటి రెండు రకాలే అసలు భారం. "నీ దగ్గర అరవై మందే కదా" అనేముందు ఆ అరవైలో చేరి మూడు నెలలు కానివాళ్లు ఎంతమందో చూడండి. చేరిన కొత్తలోనే ఇంట్లోవాళ్ల ఫోన్లు, ఫ్లోర్ సూపర్‌వైజర్ ఫిర్యాదులు, హాస్టల్ గొడవలు అన్నీ వస్తాయి.

టార్గెట్ గురించి నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెబుతాను. చేరికలను మాత్రమే లెక్కపెట్టే కేంద్రంలో మంచి సిబ్బంది నిలవరు. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాలు చూపించే కేంద్ర పథకం డీడీయూ-జీకేవై లాంటివాటిలో శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపించాలి, పే స్లిప్పులతో నిరూపించాలి. ఆ అంకె అందుకోవడానికి నెలాఖరులో దొరికిన ఉద్యోగంలోకి దొరికిన పిల్లల్ని తోసేస్తే, మరుసటి నెల వాళ్లు మానేస్తారు. బస్తీలో ముఖం చూపించలేనిది మొబిలైజర్, హెచ్ఆర్ ముందు మాట పోయేది ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ది. మనసున్న మనిషికి ఇలాంటివి రెండు మూడు జరిగితే చాలు, వెళ్లిపోతారు. అందుకే మూడో నెలలోనూ పనిలో ఉన్నవాళ్ల సంఖ్యను మీ సొంత రికార్డులో ముఖ్యమైన అంకెగా పెట్టుకోండి. ప్రోత్సాహకం ఇస్తే దాని మీదే ఇవ్వండి. "ఈ ఉద్యోగం ఈ పిల్లకు సరిపోదు" అని సిబ్బంది కారణం రాసి తిప్పి పంపితే దాన్ని తప్పుగా లెక్కేయకండి.

టార్గెట్‌ను పన్నెండుతో భాగించి నెలకింత అని పంచడం కూడా ఆపండి. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన పిల్లల్లో కొందరు తిరిగి రారు, జనవరి చివర్లో ఫోన్లు చేసి బతిమాలడమే పని. ఇంటర్ ఫలితాల తర్వాత బస్తీల్లో పిల్లలు దొరుకుతారు. ఆషాఢంలో బోనాల ఆదివారాలు వచ్చే వారాల్లో ఇళ్లకు వెళ్లి మాట్లాడటం కుదరదు. దసరా, దీపావళి ముందు షాపులు, గోదాములు మనుషుల కోసం వెతుకుతాయి. మీ కేంద్రం పాత రికార్డులు తిరగేసి, ఈ ఎత్తుపల్లాలకు తగ్గట్టు టార్గెట్ పంచండి.

ఆరో అడుగు: సూపర్‌వైజర్ కుర్చీ వదిలి బయటికి రావాలి

ఉన్న అడుగుల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ దీనికే. అయిదో అడుగులో చెప్పిన అమెరికా పద్ధతిలోనే, కొత్తవాళ్లతోనూ తడబడుతున్నవాళ్లతోనూ సూపర్‌వైజర్ నెలకోసారైనా కంపెనీలకు వెళ్లాలని ఉంటుంది. మన సూపర్‌వైజర్లు చేసేది వాట్సాప్ గ్రూపులో "ఇవాళ్టి ఫొటోలు పెట్టలేదు" అనడం. లొకేషన్, సెల్ఫీ, సాయంత్రం రిపోర్టు అడిగితే మనిషి ఎక్కడున్నారో తెలుస్తుంది, పని ఎలా సాగుతోందో తెలియదు.

వెళ్లినప్పుడు మీరే మాట్లాడేయకండి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను మాట్లాడనిచ్చి, బయటికొచ్చాక టీ దగ్గర కూర్చుని అడగండి.

"హెచ్ఆర్ సోమవారం రమ్మన్నారు మేడం."

"ఎందుకు రమ్మన్నారనుకుంటున్నావు రాజూ?"

"మనల్ని పంపించేద్దామని... అంతే మేడం."

"నైట్ షిఫ్ట్‌కు ఎవరూ నిలవట్లేదని మధ్యలో ఒక మాటన్నారు, విన్నావా?"

"విన్నా. కానీ మన దగ్గర నైట్‌కు వచ్చేవాళ్లు లేరు కదా అని వదిలేశా."

"సోమవారం వెళ్లి దాని గురించే అడుగు. బండి పెడతారా, ఏ రూట్‌లో పెడతారు, నైట్ అలవెన్స్ ఎంత అని. మన జగద్గిరిగుట్ట పిల్లల్లో ఎవరికి కుదురుతుందో అప్పుడు చూద్దాం."

ఇందులో తిట్టు లేదు, ఉపన్యాసమూ లేదు. రాజు సోమవారం ఏం అడగాలో తెలిసి వెళ్తాడు. నాలుగు నెలలు ఇలా జరిగితే అతనికి సూపర్‌వైజర్ తోడు అక్కర్లేదు.

వారానికోసారి గంటసేపు కేసుల మీటింగ్ పెట్టండి. అంకెల రివ్యూ వేరే రోజు. ఈ మీటింగ్‌లో ఒక్కొక్కరు తమకు చిక్కుపడిన ఒక అభ్యర్థి గురించి చెబుతారు, మిగతావాళ్లు తమకు తెలిసిన దారి చెబుతారు. "మా ఉప్పల్ కంపెనీలో కూర్చుని చేసే పని ఉందక్కా, ఆ అబ్బాయి కాలికి సరిపోతుందేమో" అన్న మాట అక్కడే పుడుతుంది. ఒంటరిగా మోస్తున్నామన్న బాధ తగ్గేదీ అక్కడే. ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోండి. పదిమంది దాటితే ఎవరితోనూ ఫీల్డుకు వెళ్లడం కుదరదు.

ఏడో అడుగు: భద్రత, మనసు మీద పడే బరువు

పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థల వాళ్లు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది, ఉద్యోగం పని మీద వెళ్లిన ప్రతి చోటూ చట్టం దృష్టిలో పనిచోటే అన్నది. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ చేసిన వెకిలి వ్యాఖ్య, రాత్రిపూట హెచ్ఆర్ పంపే పిచ్చి మెసేజ్ మీ సంస్థ పట్టించుకోవాల్సినవే. అలాంటి కంపెనీతో సంబంధం తెంచుకోవడానికి టార్గెట్ అడ్డు రాకూడదు. ఒక్కసారి సంస్థ సిబ్బంది పక్కన నిలబడితే ఆ మాట ఏళ్ల తరబడి చెప్పుకుంటారు, నిలబడకపోయినా అంతే. కొత్త బస్తీకి ఇద్దరిని జతగా పంపడం, పొద్దుగూకే లోపు క్షేత్ర పని ముగించడం రాసిపెట్టిన నియమాలుగా ఉండాలి.

రాత్రి ఫోన్ల సంగతి. సంస్థ సిమ్ ఉంటే రాత్రి ఎనిమిది తర్వాత దాన్ని ఆపేయవచ్చు. అత్యవసరానికి సీనియర్లు వంతులవారీగా ఒక నంబరు చూసుకోవచ్చు. ఉద్యోగం పోయిన అభ్యర్థి ఏడుపు, ఇంట్లో కొడుతున్నారని చెప్పే అమ్మాయి గొంతు విన్నాక ఎవరికైనా నిద్ర పట్టదు. అలాంటి రోజు మర్నాడు ఒక పూట సెలవు ఇవ్వండి, అడగకుండానే. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అభ్యర్థులకు ఇచ్చే ఆ నంబరు మన సిబ్బందికీ అని చెప్పాలి.

ఎనిమిదో అడుగు: ఎదగడానికి మెట్లు

మన సంస్థల్లో ఎదుగుదల అంటే సెంటర్ మేనేజర్ అవడం ఒక్కటే. బస్తీలో అద్భుతంగా పనిచేసే మనిషిని అంకెలు నింపే ఎంఐఎస్ షీట్ల ముందు కూర్చోబెట్టి ఇటు మేనేజర్‌నీ అటు మొబిలైజర్‌నీ పోగొట్టుకుంటాం. క్షేత్రంలో ఉంటూనే ఎక్కే మెట్లు కట్టండి: జాబ్ కోచ్, సీనియర్ జాబ్ కోచ్, కొత్తవాళ్లకు నేర్పే కోచ్. ప్రతి మెట్టుకూ ఏం చేయగలగాలో రాసి ఉండాలి, జీతం తేడా కంటికి కనబడేలా ఉండాలి. హోదా పేరు మార్చి జీతం మార్చకపోతే ఎవరూ సంతోషించరు.

చదువు సంగతికొస్తే ఈ ఊళ్లో ఉన్న అవకాశాలు చాలా ఊళ్లలో లేవు. డిగ్రీ మధ్యలో ఆగినవాళ్లకు 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. సామాజిక సేవలో పీజీ చేయాలనుకునేవాళ్లకు రోడామిస్త్రీ కాలేజీ ఉంది. మేధోవైకల్యం మీద పనిచేసేవాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్నది, కోర్సులూ నడుపుతుంది. ఫీజులో సగం భరించండి, పరీక్షల వారం సెలవు ఇవ్వండి. చదివించాక వెళ్లిపోతారేమో అన్న భయంతో బాండ్లు రాయించుకోకండి. చదువుకోవడానికి వీలిచ్చిన చోటును మనుషులు అంత తొందరగా వదలరు.

పనికి నేరుగా ఉపయోగపడే చిన్న శిక్షణలను నెలకోటి పెట్టుకోండి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఏం చెబుతోంది, 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాలు 21 ఎలా అయ్యాయి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కూ వికలాంగుల జాతీయ గుర్తింపు అయిన యూడీఐడీ కార్డుకూ సంబంధం ఏమిటి, ఆఫర్ లెటర్‌లో సీటీసీకీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) చేతికొచ్చేదానికీ తేడా ఎక్కడుంటుంది, సంజ్ఞా భాషలో పలకరింపులు ఎలా చేయాలి. వీటిని మీ సిబ్బందిలోనే ఒకరు చెప్పాలి, బయటి నిపుణుడు అక్కర్లేదు. చెప్పాల్సిన మనిషి వారం ముందు నుంచి చదువుతారు, అదే పెద్ద శిక్షణ. ఫండర్ వచ్చిన రోజు కూడా కేసు గురించి మేనేజర్ కాకుండా దాన్ని నడిపిన మనిషే మాట్లాడాలి.

తొమ్మిదో అడుగు: వెళ్లేవాళ్లను బాగా సాగనంపడం

ఎన్ని చేసినా కొందరు వెళ్తారు. పెళ్లవుతుంది, కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుంది, కంపెనీ హెచ్ఆర్ వాళ్లే తీసుకుంటారు. నోటీస్ పీరియడ్‌లో ముఖం మాడ్చుకుని తిరగకండి. ఆ రోజుల్లో చేయాల్సిన పని చాలా ఉంది. సంస్థ సిమ్ కాబట్టి నంబర్లు మిగులుతాయి. కానీ నంబరు ఒక్కటే చాలదు. వెళ్లే మనిషి కొత్తగా వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని ముఖ్యమైన కంపెనీలకు, మొదటి మూడు నెలల్లో ఉన్న అభ్యర్థుల ఇళ్లకు వెళ్లి "ఇక నుంచి ఈ చెల్లి చూసుకుంటుంది" అని నోటితో చెప్పాలి. ప్రతి కంపెనీకి ఒక పేజీ: ఎవరితో మాట్లాడాలి, ఏ రోజు ఫోన్ చేస్తే ఎత్తుతారు, మన పిల్లలెవరు అక్కడున్నారు, ఏ విషయంలో చిరాకు పడతారు. ఈ పేజీ ఉద్యోగంలో ఉండగానే నెలకోసారి రాయించడం మంచిది, చివరి వారంలో ఎవరికీ గుర్తుండదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్, పీఎఫ్ వివరాలు, చివరి జీతం చివరి రోజే ఇచ్చేయండి.

ప్రాజెక్టు ముగింపు వేరే సంగతి. అక్కడ వెళ్లేది వాళ్లు కాదు, పంపేది మనం. రెన్యువల్ వస్తుందో రాదో అన్న సందిగ్ధంలో చివరి నెల దాకా మౌనంగా ఉండే సంస్థలే ఎక్కువ. సిబ్బందికి ఆ మౌనం అర్థమవుతుంది, పనికొచ్చేవాళ్లు ముందే వేరేచోట చూసుకుంటారు. గడువుకు మూడు నెలల ముందే అందరినీ కూర్చోబెట్టి, రెన్యువల్ పరిస్థితి ఇది, డబ్బు ఇన్ని నెలలకుంది, ఎవరిని వేరే ప్రాజెక్టులోకి మార్చగలం, ఎవరిని మార్చలేం అని ఉన్నదున్నట్టు చెప్పండి. మార్చలేనివాళ్ల బయోడేటాలు మీ ప్లేస్‌మెంట్ బల్ల మీదికే రావాలి. అభ్యర్థి కోసం చేసినట్టే వాళ్ల కోసమూ కంపెనీలకు, తోటి సంస్థలకు ఫోన్లు చేయండి, ఇంటర్వ్యూకు వెళ్లేందుకు పని రోజుల్లోనే సెలవు ఇవ్వండి. చేరాక మూడు నెలలపాటు ఫాలో-అప్ రిజిస్టర్‌లో వాళ్ల పేరు కూడా ఉంచి, ఎలా ఉన్నారో కనుక్కోండి.